రోజుకో బడిలో తాబేలు

డబ్బా మీద పచ్చ లైటు వెలిగినంత మాత్రాన లైను బాగైనట్టు కాదు. ఇది పెద్ద మేడమ్ సిద్ధాంతం. పట్టణంలోని సర్కారు బడులన్నిటికీ ఇంటర్నెట్ నడిపే ఆఫీసుకు ఆవిడే పెద్ద. ఏ బడిలో ఏ సైటు తెరుచుకోవాలి, ఏది మూసుకోవాలి, ఏ తరగతికి ఏ పాఠం కనపడాలి అన్నదంతా ఆవిడ చేతిలో ఉంటుంది. వైర్ల మేస్త్రి పనిలో చేరిన రోజునే ఆవిడ అతనికి చెప్పింది.

"లైటు చూసి వచ్చేయకు. పిల్లాడి కళ్ళతో చూసి రా."

అంటే, గోడకు డబ్బా బిగించాక మేస్త్రి నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుని, ట్యాబ్ తీసి, పిల్లాడిలా లోపలికి వెళ్ళాలి. అందుకోసం ఆఫీసువాళ్ళు ఒక ఉత్తుత్తి పిల్లాణ్ణి తయారుచేసి పెట్టారు. చదువులో వెనకబడ్డ పిల్లల కోసం ఆన్‌లైన్‌లో ఒక ఉమ్మడి తరగతి నడుస్తుంది. ఏ బడి నుంచైనా తెరుచుకునేది అదొక్కటే కాబట్టి ఉత్తుత్తి పిల్లాణ్ణి తీసుకెళ్ళి అందులో కూర్చోబెట్టారు. పాఠం తెరవాలి, ఏదో ఒక జవాబు నొక్కాలి, పంపాలి. టిక్కు పడితే పని అయినట్టు. జవాబు తప్పో ఒప్పో ఎవరికీ పట్టదు.

పిల్లల పేర్లు బయట పడకూడదని ఆ తరగతిలో పేర్లు పెట్టలేదు. తలా ఒక జంతువు బొమ్మ ఇచ్చారు. కుందేళ్ళూ ఏనుగులూ పిచ్చుకలూ పిల్లలు పంచేసుకోగా ఉత్తుత్తి పిల్లాడికి తాబేలు మిగిలింది.

ఇంత ఆలోచించినవాళ్ళు ఒక్క ముక్క మరిచిపోయారు. ఆ తాబేలు ఉత్తుత్తిదని తరగతి చెప్పే టీచరుకు ఎవరూ చెప్పలేదు.

మేస్త్రికి బడంటే పడదు. ఏడో తరగతిలో భిన్నాల పాఠం సగంలో ఉండగా తండ్రి మంచం పట్టాడు. పిల్లవాడు పుస్తకాల సంచి చిలక్కొయ్యకు తగిలించి పనిలోకి పోయాడు. పనికి పోవడం గురించి అతనికి దుఃఖం లేదు. ఇల్లు గడవాలి, ఎవరో ఒకరు పోవాలి. గుండెలో ముల్లులా ఉండిపోయింది ఇంకొకటి. బెంచీలో తన జాగా ఖాళీ అయితే ఎందుకని అడిగిన పుణ్యాత్ముడు లేడు. అతను ఇసుక మోస్తున్న వీధిలోంచే మాస్టారు రోజూ సైకిలు మీద పోయేవాడు. ఒకసారి చూపులు కలిశాయి కూడా. బెల్లు కొట్టి తప్పుకోమన్నాడు.

"కుక్క తప్పిపోతే వీధంతా వెతుకుతారు. నేను తప్పిపోతే హాజరు పిలవడం ఒక పేరు తగ్గి తేలికైంది," అనేవాడు మేస్త్రి.

అలాంటివాడికి పొద్దున లేస్తే బడికి పోయే ఉద్యోగమే దొరికింది. తలరాత రాసేవాడికి వేళాకోళం ఎక్కువ. తోడుగా బావమరిది. వాడు వ్యాను తోలతాడు, నిచ్చెన కాళ్ళు పట్టుకుంటాడు, మిగతా పొద్దంతా నోటికి పని చెబుతాడు.

"బావా, ఆ మూల కూర్చున్నావేం? తెలివైన పిల్లలు ముందు బెంచీలో కూర్చుంటారు."

"నోరు మూసుకుని నిచ్చెన మడువు."

"మడుస్తాలే. టీచరమ్మ వస్తే లేచి నిలబడు మరి."

మొదట్లో మేస్త్రి కళ్ళు మూసుకుని ఏదో ఒకటి నొక్కేసేవాడు. ఒకరోజు నొక్కడానికి ఏమీ లేదు. ఉత్త ఖాళీ పెట్టె ఉంది, పైన ఒక వాక్యం. ఈ వారం నువ్వు చేసిన ఒక పని గురించి రాయి, అని. బయట ఎండ మాడ్చేస్తోంది. నిచ్చెన ఎక్కి దిగి అతని మోకాళ్ళు పీకుతున్నాయి. చిరాకులో వేలితో పొడిచి పొడిచి రాశాడు.

‘నిచ్చెన ఎక్కాను. వైరు లాగాను. నెత్తి మాడింది. ఎవరూ మంచినీళ్ళు కావాలా అని అడగలేదు.’

టిక్కు పడింది. సామాను సర్దుకుని వచ్చేశాడు.

మళ్ళీ ఇంకో బడిలో తెరిచేసరికి తాబేలు బొమ్మ కింద ఎవరో ఏదో రాసి ఉంది. ‘తాబేలూ, నీ వాక్యాలు పొట్టివి, కానీ ఒక్క దానిలోనూ అబద్ధం లేదు. చివరిది చదివి నేను లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. ఇంత ఎండలో నిచ్చెన ఎందుకు ఎక్కావు నాయనా?’

మేస్త్రి వెనక్కి తిరిగి చూశాడు. గదిలో బల్లలూ, నల్లబల్ల మీద తుడిచీ తుడవని గీతలూ తప్ప ఎవరూ లేరు. తనను కాక ఇంకెవరినో పిలిచినట్టు అనిపించింది అతనికి.

"మిషన్ రాస్తుంది బావా అవన్నీ," అని తేల్చేశాడు బావమరిది. "అందరికీ ఒకటే మాట. బ్యాంకువాళ్ళు పుట్టినరోజు శుభాకాంక్షలు పంపరూ?"

మేస్త్రి కూడా అదే అనుకున్నాడు. మంచివాళ్ళు లోకంలో తక్కువని అతని గట్టి నమ్మకం. ఏళ్ళ తరబడి కష్టపడి పెంచుకున్న నమ్మకం, అంత తేలిగ్గా వదిలిపోదు. మిషన్ సంగతి తేలుద్దామని ఆరోజు లెక్కలో ఏదో ఒకటి నొక్కేయకుండా, నిజంగా తనకు తెలిసినట్టు జవాబు కొట్టాడు. సగానికి మూడోవంతు కలిపితే ఎంత? పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపి, ఐదులో రెండు అని పంపాడు. అతని చదువు ఆగిపోయింది సరిగ్గా అక్కడే.

మర్నాడు జవాబు వచ్చింది. ‘ఐదులో రెండంటే సగం కన్నా తక్కువ కదా. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గుతుందా? ఒక తాడు తీసుకో. సగాన్నీ, మూడోవంతునూ ఒకే కొలత ముక్కలుగా చెయ్యి. అప్పుడు లెక్కపెట్టు. తొందరపడకు. తాబేలుకు తొందరేమిటి?’

మేస్త్రి వ్యాను మెట్టు మీద కూర్చుని చెత్తవైరు ముక్కలు కత్తిరించాడు. ఇటు మూడు ముక్కలు, అటు రెండు. మొత్తం వైరులో అలాంటివి ఆరు. ఆరులో ఐదు! ముక్కలను మళ్ళీ పేర్చాడు, మళ్ళీ అంతే వచ్చింది. ఇంత చిన్న సంగతిని అప్పుడు ఒక్కరు చెప్పి ఉంటే, అని ముందు కోపం వచ్చింది. తర్వాత ఆ కోపం ఎటో పోయి, వేసవిలో చల్లని గచ్చు మీద వెన్ను వాల్చినట్టయింది.

అప్పటినుంచీ లైను చూడటానికి చాలాసేపు పట్టేది. ‘కాస్త నెమ్మదిగా ఉందిరా’ అనేవాడు బావమరిదితో. ఒకసారి పాఠంలో ఆట తెరుచుకోకపోతే, అడ్డొచ్చింది సైట్లు మూసే ఫిల్టరని కనిపెట్టి, ఆటల సైట్లతో పాటు లెక్కల ఆట కూడా మూసుకుపోయిందని ఆఫీసుకు ఫోన్ చేసి మరీ తెరిపించాడు. పెద్ద మేడమ్ మెచ్చుకుంది. ఆ శ్రద్ధలో సగం స్వార్థమని ఆవిడకు తెలియదు. తాబేలు రాసే వాక్యాలు కొద్దికొద్దిగా పొడుగయ్యాయి. వాన పడ్డ రోజున పైకప్పు మీద కాలు జారిందనీ, మోచెయ్యి దోక్కుపోయిందనీ, ఇంట్లో చెబితే తిడతారని చెప్పలేదనీ రాశాడు. పెళ్ళాం తిడుతుందని అతని భావం. చదివినవాళ్ళకు అమ్మానాన్నలు తిడతారని అర్థమవుతుందని తట్టలేదు.

టీచరు కళ్ళతో చూస్తే సంగతి ఇంకోలా ఉంది. ఏ పిల్లాడి జవాబు ఏ బడి నుంచి వచ్చిందో ఆవిడకు కనపడుతుంది. తక్కినవాళ్ళంతా ఎవరి బడిలో వాళ్ళున్నారు. తాబేలు మాత్రం ఒకరోజు ఊరికి ఈ కొసన, ఇంకోరోజు ఆ కొసన. రెండు జవాబులు కొట్టగానే మాయం. నిచ్చెనలు, వైర్లు, ఎండ, దెబ్బలు. మంచినీళ్ళు అడిగే దిక్కు లేదు.

ఒక మధ్యాహ్నం పెద్ద మేడమ్ మేస్త్రిని పిలిపించింది. ఆవిడ గది పక్కనే మిషన్ల గది. ఎప్పుడూ చలి, ఎప్పుడూ ఫ్యాన్ల హోరు.

"కూర్చో మేస్త్రీ."

ఆవిడ కూర్చోమందంటే ఏదో మూడిందన్నమాట.

"మీ వ్యానులో పిల్లాడెవడైనా తిరుగుతున్నాడా?"

"మా బావమరిది ఒక్కడే మేడమ్. వాడికి నలభై దగ్గర పడ్డాయి. బుద్ధిని బట్టి అడుగుతున్నారా?"

ఆవిడ నవ్వలేదు. "ఉమ్మడి తరగతి టీచరు ఫోన్ చేసింది. ఆవిడ దగ్గర చదివే పిల్లాడొకడు నిచ్చెనలెక్కి వైర్లు లాగుతున్నాడట. పైకప్పు మీంచి జారాడట. రోజుకో బడి నుంచి పాఠం తెరుస్తున్నాడట. ఆ బడులు చదివి వినిపించింది. అన్నీ నువ్వెళ్ళినవే."

మేస్త్రి కుర్చీ అంచుకు జరిగాడు.

"ఎవడా పిల్లాడంటే చెప్పదు. చెబితే వాడి పేరు కొట్టేసి మనం చేతులు దులిపేసుకుంటామట. రేపు తానే వస్తుందట, పిల్లాణ్ణి చూపిస్తే గాని కదలదట. చూడు, పిల్లాడి చేత పని చేయించినట్టు తేలితే నీ ఉద్యోగం పోతుంది, మీ బావమరిదిదీ పోతుంది. నేను అడ్డం పడను. అడ్డం పడాల్సిన విషయం కాదది."

ఆ పిల్లాణ్ణి నేనే అనడానికి ఒక్క క్షణం చాలు. కానీ పక్కనే కంప్యూటర్ల ముందు కుర్రకారు కూర్చుని ఉన్నారు. జుట్టు నెరుస్తున్నవాడు పిల్లల తరగతిలో తాబేలు వేషం వేసి భిన్నాలు నేర్చుకుంటున్నాడని చెప్పడానికి నోరు రాలేదు.

"పిల్లాడెవడూ లేడు మేడమ్," అని లేచాడు.

"అదే రేపు ఆవిడతో చెప్పు."

వ్యానులో బావమరిదికి అంతా చెప్పేశాడు. వాడు ముందు స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు, కన్నీళ్ళు తుడుచుకున్నాడు, మళ్ళీ నవ్వాడు. ఉద్యోగాల మాట వచ్చేసరికి ఆపాడు.

"ఇందులో ఏముంది బావా. ఊరు వదిలి పోతున్నాం, నాకోసం వెతకొద్దు అని ఒక ముక్క రాసి పారెయ్. తాబేలూ పోతుంది, గొడవా పోతుంది."

మంచి ఉపాయమే. మర్నాడు పొద్దున్నే ఒక బడి లైబ్రరీలో లైను సరిచేసి, మేస్త్రి తాబేలై లోపలికి వెళ్ళాడు. రాయడం మొదలుపెట్టాడు. ‘మేం ఊరు వదిలి’ దాకా వచ్చాక, పైన టీచరు రాసినది కనిపించింది.

‘తాబేలూ, నిన్ను ఎవరైనా పనికి పంపిస్తున్నారేమో అని నా అనుమానం. అది నీ తప్పు కాదు. నీ జాగాలో ఇంకెవరినీ కూర్చోనివ్వను. అది ఖాళీగా ఉంటే మాత్రం ఊరుకోను, వెతుక్కుంటూ వస్తాను.’

మేస్త్రి ఆ వాక్యాలు మళ్ళీ మొదటినుంచి చదివాడు. ఈ మాట రావలసిన కాలానికి రాలేదు, ఇన్నేళ్ళు ఆలస్యంగా వచ్చింది. అదీ అడ్రసు తప్పి, లేని పిల్లాడి పేర వచ్చింది. అయినా అందుకోవలసినవాడే అందుకున్నాడు. ఇప్పుడు తాను ఈ ముక్క పంపితే ఆవిడ రోజూ ఆ ఖాళీ జాగా చూసుకుంటుంది. ఏ వీధిలోనో ఎండలో ఇసుక మోసే పిల్లాణ్ణి తలుచుకుంటుంది. సైకిలు ఆపని మాస్టారుకు వేయవలసిన శిక్ష ఈవిడకు వేసినట్టవుతుంది.

రాసింది చెరిపేశాడు.

"పంపావా?" అన్నాడు బావమరిది.

"ఆఫీసుకు పోనియ్."

"అయిపోయాం," అని వాడు గేరు మార్చాడు.

టీచరు అప్పటికే వచ్చి పెద్ద మేడమ్ గదిలో కూర్చుని ఉంది. పొట్టి మనిషి, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. పాడు మైకుల ముందు ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి చెప్పి గొంతు పెద్దదైపోయింది. మేస్త్రిని చూడగానే లేచింది.

"మీరేనా? పిల్లాణ్ణి పైకప్పులెక్కిస్తున్నది మీరేనా? మీకూ పిల్లలుంటారు కదండీ!"

"అమ్మా, ఆ పిల్లాడు..."

"ఏడీ? ఎక్కడ దాచారు? మోచేతికి దెబ్బ తగిలినా ఇంట్లో చెప్పుకోలేని పిల్లాడండీ వాడు!"

"ఒకే కొలత ముక్కలు చేశాకే లెక్కపెట్టమన్నారు," అన్నాడు మేస్త్రి. "తొందరపడొద్దన్నారు. తాబేలుకు తొందరేమిటన్నారు."

టీచరు ముఖం ఎర్రబడింది. "అంటే వాడికి నేను రాసినవి కూడా లాక్కుని చదువుతున్నారా!"

గుమ్మం దగ్గర బావమరిది ఇక ఆగలేక పక్కున నవ్వి, చేత్తో నోరు మూసుకున్నాడు. పెద్ద మేడమ్ మాత్రం కుర్చీలో ముందుకు జరిగింది. తాబేలన్న మాట ఆవిడ చెవిన పడింది.

"తాబేలా? టీచరుగారూ, మీరు చెబుతున్నది తాబేలు గురించా?" ఆవిడ నుదురు పట్టుకుంది. "అయ్యో. అది పిల్లాడు కాదండీ. లైను చూసుకోవడానికి మేం పెట్టుకున్న ఉత్తుత్తి అకౌంటు."

"ఉత్తుత్తిది కాలు జారి పడుతుందా?" అంది టీచరు.

"నేనే పడ్డానమ్మా," అన్నాడు మేస్త్రి. "అన్నీ నేనే రాశాను. ఎగతాళికి మాత్రం కాదు. నా చదువు ఆ లెక్క దగ్గరే ఆగిపోయింది. మీరు చెబుతుంటే మానబుద్ధి కాలేదు. తప్పయింది."

మేస్త్రి నేల చూస్తూ నిలబడ్డాడు. ఉద్యోగం సంగతి ఆ క్షణాన గుర్తు లేదతనికి. ఆవిడ ఇప్పుడు ఛీ అంటుంది, అనాలి కూడా. అలా అనేస్తే, ఆవిడ రాసిన మాటలేవీ ఇక తనవి కాకుండా పోతాయి.

టీచరు కుర్చీలో కూలబడింది. "అయితే... ఏ పిల్లాడూ నిచ్చెన ఎక్కట్లేదు?"

"లేదమ్మా."

"ఎండలో ఎవడూ మాడట్లేదు?"

"నేను తప్ప ఎవరూ లేరు."

"హమ్మయ్య!" అని ఆవిడ కళ్ళద్దాలు తీసి పైట చెంగుతో తుడుచుకుంది. తుడిచింది అద్దాలే అయినా చాలాసేపు తుడిచింది. మళ్ళీ పెట్టుకుని అతన్ని ఎగాదిగా చూసింది. "ఆ మోచెయ్యి?"

"ఆఁ?"

"మోచెయ్యి చూపించు."

ఆవిడ మాటలో ‘మీరు’ పోయి ‘నువ్వు’ ఎప్పుడు వచ్చిందో ఎవరూ గమనించలేదు. మేస్త్రి చొక్కా చెయ్యి మడిచాడు. ఎండిన పెచ్చు ఊడి, చర్మం గులాబీ రంగులో కొత్తగా ఉంది.

"మందు రాశావా?"

"లేదమ్మా."

"ఇంట్లో చెప్పావా?"

"చెప్పలేదండీ. మా ఆవిడ..."

"నేను చెబుతాను అక్కకి," అన్నాడు బావమరిది గుమ్మం దగ్గర్నుంచి.

"చెప్పు. వాన పడుతుంటే పైకప్పు ఎక్కేటప్పుడు నడుముకు తాడు కట్టుకోవద్దూ? పిల్లాడైతే తెలియదనుకోవచ్చు, ఇంత వయసొచ్చి!" టీచరు ఇంకా చాలా అంది. మేస్త్రి ఆ తిట్లన్నీ తలవంచుకుని, ఒక్కటి కూడా కింద పడనీయకుండా విన్నాడు.

తిట్టడం అయ్యాక పెద్ద మేడమ్ గొంతు సవరించుకుంది. "ఒక మాట మేస్త్రీ. తాబేలును ఇవాళే తీసేస్తున్నాను. పిల్లల గదిలో పెద్దవాళ్ళు మారువేషంలో ఉండకూడదు. ఆ రూలు నీలాంటివాళ్ళ కోసం పెట్టింది కాదు. కానీ నీలాంటివాడెవడో, కానివాడెవడో రూలుకు తెలియదు కదా."

రూళ్ళ గురించి మేస్త్రికి ఎప్పుడూ మంచి అభిప్రాయం లేదు. ఇదొక్కటి మాత్రం న్యాయంగా తోచింది. ఆ కుందేళ్ళూ పిచ్చుకలూ ఎవరో పిల్లలు. వాళ్ళ గదికి గడియ ఉండాలి. తలూపాడు. ఊపాక, లోపల ఏదో ఖాళీ అయినట్టు తెలిసింది.

"మీ తప్పేం లేదండీ టీచరుగారూ, మీకు ముందే చెప్పాల్సింది," అంది పెద్ద మేడమ్. "ఇక ఏ తరగతిలోనైనా మా ఉత్తుత్తి అకౌంటుకు నిచ్చెన బొమ్మ పెడతాం. చూడగానే మీకు తెలుస్తుంది."

టీచరు వినిపించుకున్నట్టు లేదు. సంచి భుజాన వేసుకుని మేస్త్రి వైపు తిరిగింది. "భాగహారం చెప్పలేదు నీకు."

"ఆఁ?"

"భిన్నాల్లో భాగహారం. తిరగేసి గుణించాలి. ఎందుకు తిరగెయ్యాలో చెప్పకపోతే అది మంత్రంలా ఉంటుంది, లెక్కలా ఉండదు. సాయంత్రం బడి వదిలాక నేను నా గదిలోనే ఉంటాను, పేపర్లు దిద్దుకుంటూ. మా బడిలో లైను ఎలాగూ వస్తూ పోతూ ఉంటుంది. చూడటానికి ఎవరో ఒకరు రావాలి కదా."

"వస్తానమ్మా," అన్నాడు మేస్త్రి. ఇంకేదో అనాలనుకున్నాడు. థాంక్సండీ అన్నది చాలదు, అంతకు మించిన మాట అతనికి ఎవరూ నేర్పలేదు. బయటికెళ్ళి, వ్యానులోంచి నీళ్ళ సీసా తెచ్చి, మూత తీసి ఆవిడ చేతికిచ్చాడు. టీచరు సీసా వంకా అతని వంకా చూసి, అక్కడే నిలబడి సగం తాగింది.

ఆ బడిలో లైను ఇప్పుడు ఊళ్ళోకెల్లా బాగుంటుంది. మేస్త్రి సాయంత్రాలు అక్కడ పిల్లల బెంచీలో కూర్చుంటాడు. మోకాళ్ళు బల్లకు తగులుతాయి, పక్కకు పెట్టుకుంటాడు. ఒక్కరోజు వెళ్ళకపోతే టీచరు ఫోన్ చేస్తుంది. ఎందుకు రాలేదు, అని గట్టిగా అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న వినడానికి అప్పుడప్పుడూ మానేయాలనిపిస్తుంది అతనికి. మానడు.

ఉమ్మడి తరగతిలో నిచ్చెన బొమ్మకు కూడా టీచరు తప్పులు దిద్దుతూనే ఉంది. అలవాటు మానలేకపోయింది. ఈమధ్య మేస్త్రి డబ్బాలు బిగిస్తుంటే, టిక్కు చూసే పని బావమరిది చేస్తున్నాడు. మొన్న వ్యాను సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వాడు రోడ్డు వైపే చూస్తూ, ఏదో పనికిమాలిన సంగతి అడిగినట్టు అడిగాడు.

"బావా, సగానికి మూడోవంతు కలిపితే ఐదులో రెండు ఎందుకు కాదు?"

మేస్త్రి సీటు కింద చెయ్యి పెట్టి, వెతికి, ఒక చెత్తవైరు ముక్క బయటికి తీశాడు.

"పక్కకు ఆపు," అన్నాడు.